గుడ్డు పట్టుకున్నట్టు

సెప్టెంబరు ఆఖర్లో, మిట్టమధ్యాహ్నం దాటాక పోస్టుకు చేరాం. ఎత్తు పదహారు వేల అడుగులు. గాలి పడమటి నుంచి. ఎండ ఉంది, వేడి లేదు. మూడు బంకర్లు, పదకొండు మంది మనుషులు, ఒక రేడియో, ఒక ఎల్‌ఎంజి మెషిన్ గన్, కిరసనాయిలుతో మండే బుఖారీ పొయ్యిలు. కింది పోస్టుకు నాలుగు గంటల నడక, తాడు పట్టుకుని. నాది వేంపల్లె పక్కన పల్లె. మా వైపు నీళ్ళ కోసం బోర్ల మీద బోర్లు వేసి జనం అలిసిపోతారు. అక్కడ ఎటు చూసినా నీళ్ళే, గడ్డకట్టి. ఒక లోటా తాగాలంటే మంచు తవ్వి, కరిగించి, కాచుకోవాలి. ఇంటికి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే మా ఆవిడ నమ్మలేదు.

పోస్టులో తెలుగువాళ్ళం ఇద్దరం. నన్ను కడప అనేవారు. ఎల్‌ఎంజి గన్నర్‌ను ఆదోని అనేవారు. అసలు పేర్లు హాజరు పిలిచేటప్పుడే వినబడేవి. నిజానికి అతని ఊరు ఆదోని కాదు, అది దాటి కర్ణాటక సరిహద్దు వైపు ఒక పత్తి పల్లె. నాకంటే ఏడేళ్ళు చిన్న. మాటలో సగం కన్నడం. ఇద్దరినీ జోడీగా వేశారు. కాపలా కలిసి, తాడు మీద నడక కలిసి. సాయంత్రం బూట్లు విప్పి ఒకరి కాలివేళ్ళు ఒకరు చూడాలి, చలికి నల్లబడ్డాయేమోనని. అది ఆర్డరు. ఆదోని నా పాదం ఒళ్ళో పెట్టుకుని రోజూ ఒకటే మాట అనేవాడు.

"ఏమప్పా కడపన్నా, నీ కాళ్ళు పట్టుకోని పట్టుకోని నాకు శానా పుణ్యం వచ్చిండాది. ఇంగ చాలు."

నవంబరులో గాలి పెరిగింది. ఒక ఉదయం రెండో బంకరు కప్పు రేకు ఒక మూల లేచింది. దాన్ని దించి మళ్ళీ బిగించమని పోస్టు కమాండర్ చెప్పాడు. నేను, ఆదోని, వంటవాడు వెళ్ళాం. రేకు అంచు నా కుడి చేతిలో ఉంది. గాలి లాగింది. వదిలేసి ఉంటే ఒక రేకు లోయలోకి పోయేది, అంతే. నేను వదల్లేదు. పట్టుకున్నది వదలొద్దని పన్నెండేళ్ళుగా నేర్పించారు మరి. రేకు నా పై గ్లవ్‌ను, లోపలి ఊలు గ్లవ్‌ను, దాని లోపలి అరచేతిని కోసుకుంటూ జారిపోయింది.

నొప్పి తెలియలేదు. గ్లవ్ విప్పాక చూసుకున్నాను. చూపుడువేలు వంగింది. చిటికెనవేలు వంగింది. మధ్యవేలు, ఉంగరంవేలు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి. వంగమంటే వంగవు. ఎవరివో తెచ్చి నా చేతికి అతికించినట్టు ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. రక్తాన్ని చూసి కాదు, ఆ రెండు వేళ్ళను చూసి.

మెడిక్ కింది పోస్టులో ఉన్నాడు, మలయాళీ. రేడియో ఆపరేటర్ అతన్ని పిలిచాడు.

"ఎన్ని వేళ్ళు వంగట్లేదు? ఓవర్."

"రెండు. ఓవర్."

"టెండన్లు తెగాయి. గాయం కడిగి మూయండి. వేళ్ళు చాపి కట్టొద్దు. చాపితే తెగిన కొసలు ఇంకా దూరం పోతాయి. మణికట్టు కాస్త లోపలికి వంచండి. వేళ్ళు మొదళ్ళ దగ్గర వంచండి. చేతి వెనక గట్టిది పెట్టి కట్టండి. ఓవర్."

మా వైపు ఒంట్లో ఏది తెగినా నరం తెగిందంటాం. ఇవి నరాలు కావు. ముంజేతి కండను వేలి ఎముకకు కలిపే తాళ్ళు. కండ లాగితే తాడు కదులుతుంది, తాడు కదిలితే వేలు వంగుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తెలిసింది కట్టు కట్టమని ఆదోనికి చెప్పిన ఆర్డరు ఒక్కటే.

అతను మేం తినే మెస్ టిన్ మూత తీసుకుని మోకాలి మీద వంచాడు. నా చేతి వెనక పెట్టి, కొలత చూసుకుని, మళ్ళీ కొంచెం వంచాడు. దాని మీద గుడ్డ చుట్టాడు.

"మూయొద్దు, సాపొద్దు. గుడ్డు పట్టుకున్నట్టు పెట్టల్ల. బిగిస్తే పగుల్తాది, ఇడిస్తే పడతాది. అట్ల."

"గుడ్డు యాడుందిరా ఈడ? గుడ్డు మొహం చూసి రెండు నెల్లాయ."

"ఉండాదనుకో అప్పా. అనుకునేదానికి గూడా దుడ్లు కావల్నా?"

మబ్బు తెరిపిచ్చిన మూడో రోజు హెలికాప్టర్ వచ్చింది. రెక్కల మోతలో ఆదోని నోరు కదలడమే కనబడింది గాని మాట వినబడలేదు. కుడి చెయ్యి పైకెత్తి, వేళ్ళు సగం ముడిచి చూపించాడు. గుడ్డు.

పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కుట్లు తీశాక సర్జన్ నన్ను సిక్ లీవు మీద ఇంటికి పంపాడు. వారం వారం కడపలో హ్యాండ్ థెరపిస్టుకు చూపించుకోవాలి. తర్వాత మెడికల్ బోర్డు. బోర్డు చేతి పట్టు చూస్తుంది. పట్టు ఉంటే యూనిట్‌కు, లేకపోతే ఇంటికి. ట్రిగ్గర్ నొక్కే వేలు కాదు కదా అని ఆసుపత్రిలో అందరూ ఊరడించారు. వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. పట్టంతా మిగిలిన వేళ్ళలోనే ఉంటుంది.

అలా నా తర్వాతి డ్యూటీ మా ఇంట్లోనే పడింది. దానికంటే కష్టమైన పోస్టు నేను చెయ్యలేదు.

సామాను తక్కువ. మోచేతి కింది నుంచి వేళ్ళ కొసలు దాటేదాకా చేతి వెనక కప్పులా ఉండే ప్లాస్టిక్ స్ప్లింటు. దాన్ని పట్టి ఉంచే నాలుగు పట్టీలు. స్నానానికి చేతి మీద తొడుక్కోవడానికి పాలిథిన్ సంచి. నిద్రలో కూడా స్ప్లింటు తీయకూడదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి కసరత్తు. ఎడమ చేత్తో కుడి వేళ్ళను మెల్లగా అరచేతిలోకి వంచాలి. తర్వాత వాటంతట అవే కప్పుకు తగిలేదాకా చాపుకోనివ్వాలి. కప్పు దాటి చాపకూడదు. ఏదీ పట్టుకోకూడదు, ఎత్తకూడదు, పిండకూడదు.

మా ఇంట్లో సంగటి లేని రోజు ఉండదు. సంగటిని చెంచాతో తిన్న మొగోణ్ణి మా మండలం మొత్తం మీద నన్నే చూశారు. పక్కింటి పిల్లలు గోడెక్కి మరీ చూసేవారు. కళ్ళంలో చెనక్కాయలు ఒలిచే దగ్గర కూర్చుంటే చెయ్యి దానంతట అదే కాయల మీదికి పోయేది. మా ఆవిడ చేట తీసి అవతల పెట్టేది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట అందరూ చేతులు కలుపుతారు. నేను ఎడమ చెయ్యి చాపితే పెద్దవాళ్ళు తీసుకోలేదు. తప్పుగా అనుకుని కాదు, వాళ్ళకు చెయ్యి రాలేదు. భుజం మీద తట్టి వెళ్ళిపోయారు.

థెరపిస్టుది కడపలో మేడ మీద గది. ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఆ ఊరి పిల్లే. వాపు తగ్గి ఆసుపత్రి స్ప్లింటు వదులైందని మొదటి రోజే కొత్తది చేసింది. వేడినీళ్ళ ట్రేలో తెల్లటి ప్లాస్టిక్ షీటు వేసింది. అది అట్టులా మెత్తబడింది. తీసి, తుడిచి, నా చేతి వెనక పరిచి, చల్లారేదాకా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"మళ్ళీ పైకి పోతానా అమ్మా?" అని అడిగాను.

"ఇప్పుడు లోపల పట్టుకోనుండేది కుట్టు దారమేనన్నా. అది అతుక్కునేదానికి టైం పడతాది. ఒక్కసారి పిడికిలి బిగించినా తెగిపోతాది. మణికట్టు, వేళ్ళు ఒకేసారి సాపినా తెగిపోతాది. తెగితే మళ్ళా కొయ్యల్ల. రెండోసారి ఇంత బాగా రాదు."

"అంత మతిలేనోణ్ణి కాదులే."

"అందరూ అదే చెప్తారు. ఈ స్ప్లింటు గాయానికి కాదన్నా, మీ మరుపుకు."

నాకు కొంచెం కోపం వచ్చింది. మంచులో కంటి మీద రెప్ప వేయకుండా కాపలా కాసినవాడికి మరుపు అంటుందేమిటి అనుకున్నాను.

ఆ వారంలోనే ఆదోని బేస్ క్యాంపు నుంచి ఫోన్ చేశాడు. సామాను మోసే పార్టీతో కిందికి దిగాడట. లైన్ సరిగ్గా లేదు.

"గుడ్డు ఎట్లుండాది?"

"బాగుండాది."

"పగలగొట్టొద్దప్పా. మా నాయనకు గూడా పోన్ జేసి చెప్పినా, కడపన్నకు నేనే కట్టు కట్టినా, డాక్టర్లే మెచ్చుకున్యారని."

"ఎవురు మెచ్చుకున్యార్రా?"

"మెచ్చుకోనుంటారులే. నేను లీవుకు వచ్చినంక నువ్వు మావూరికి రావల్ల. ఆ చేత్తోనే ఉగ్గాని, బజ్జీ తినల్ల."

వస్తానన్నాను.

ఆపరేషనైన నాలుగో వారంలో మళ్ళీ ఫోన్ మోగింది. రేడియో ఆపరేటర్.

"కడప, సామాను పార్టీ మీద మంచు జారింది. మిగిలినవాళ్ళను తీశాం. ఆదోని లేడు. ఓవర్."

ఫోన్లో ఓవర్ అనక్కర్లేదు. అతను అన్నాడు. నేనూ ఓవర్ అన్నాను.

జోడీ లేని మనిషిని కాపలాకు వేయరు. అందుకే నేను దిగిపోయాక అతన్ని సామాను పార్టీలో వేశారు. అది ఎవరి తప్పూ కాదు, పద్ధతి. పద్ధతేనని తెలిసినా ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

పార్థివ దేహం ఊరికి ఎప్పుడు చేరుతుందో కబురు వచ్చింది. వెళ్ళాలి, యూనిఫాంలో వెళ్ళాలి. వేసుకోబోతే చొక్కా కుడి చెయ్యి స్ప్లింటు మీదికి ఎక్కలేదు. మా వీధిలో ఒక రిటైర్డ్ సుబేదార్ ఉన్నాడు. నన్ను సాగనంపడానికి వచ్చి చూశాడు.

"తీసెయ్ రా అది. యూనిఫాం మీద ఆ ప్లాస్టిక్ ఏంది? ఒక్క సెల్యూట్ కు ఏమైతాది? మీవోనికి సెల్యూట్ జెయ్యకుండా వస్తావా?"

నిజం చెప్పాలంటే ఆయన అడిగింది నేను అప్పటికే నన్ను అడుక్కుంటున్నాను. రెండు పట్టీలు విప్పి కూడా ఉన్నాను. మా ఆవిడ వచ్చి, చొక్కా నా ఒళ్ళోంచి తీసుకుంది. బ్లేడుతో చొక్కా చేతి కుట్లు మోచేతిదాకా విప్పింది. స్ప్లింటు మీదుగా తొడిగి, అంచులు కలిపి పిన్నీసులు పెట్టింది.

"ఆ పిల్లోడు కట్టిన కట్టు ఇది. దీన్ని తీసేసి ఆ పిల్లోని దగ్గరికి పోతావా?" అంది. ప్లాస్టిక్ వేరు, మెస్ టిన్ మూత వేరు అని నేను అనలేదు. విప్పిన పట్టీలు ఆమే బిగించింది.

కడప నుంచి కర్నూలు, కర్నూలు నుంచి ఆదోని, అన్నీ ఆర్టీసీ బస్సులే. ఆదోని దాటాక నేల నల్లగా మారింది. డిసెంబరు చేలలో పత్తి విచ్చి ఉంది. తీసేవాళ్ళు లేరు. ఊరంతా రోడ్డు మీదే ఉంది.

వాళ్ళల్లో పూడుస్తారు. చేను గట్టు పక్కన గొయ్యి తీసి ఉంచారు. సికింద్రాబాద్ నుంచి గౌరవ వందనం చేసే గార్డు వచ్చింది. వరస చివర నేను నిలబడ్డాను. గార్డు సుబేదార్ నా చెయ్యి చూశాడు.

"నువ్వు సెల్యూట్ చెయ్యక్కర్లేదు. సావధాన్‌లో ఉండు, చాలు."

సరేనన్నాను. తుపాకులు పేలాయి. బ్యూగిల్ మొదలైంది. మొదటి స్వరానికే నా కుడి చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది. మణికట్టు నిటారుగా లేవబోయింది, వేళ్ళు చాపుకోబోయాయి. ప్లాస్టిక్ కప్పుకు గట్టిగా తగిలి ఆగిపోయాయి. ముంజేతిలో ఏదో జివ్వున లాగింది. చెయ్యి ఛాతీ దగ్గరే ఆగింది. దించేశాను. ఆ రోజు సెల్యూట్ ఆపింది నా తెలివి కాదు. నా మరుపుకు ఆ అమ్మాయి చేసిపెట్టిన ముక్క.

టెండన్ తెగిందో లేదో తెలియదు. అక్కడే వేలు వంచి చూసుకోవచ్చు. ధైర్యం చాలలేదు.

శవపేటికను దించాక అందరూ వరసగా వచ్చి మట్టి వేస్తున్నారు. మూడు పిడికిళ్ళు, కుడి చేత్తో. నా వంతు వచ్చింది. వంగి ఎడమ చేత్తో మట్టి తీయబోయాను. వెనక నుంచి ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు.

"ఎడమ చెయ్యి వద్దు నాయనా. మట్టి గదా."

కుడి చేత్తో పిడికిలి పట్టకూడదు. ఎడమ చేత్తో వేయకూడదు. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. వెనక వరస ఆగిపోయింది. సెల్యూట్ లేకుండా వచ్చానని అప్పటిదాకా బాధగా ఉంది. ఇప్పుడు మట్టి కూడా వేయలేకపోతే ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు?

గొయ్యికి అవతల వైపు నిలబడ్డ పెద్దమనిషి నడిచి వచ్చాడు. బక్కగా ఉన్నాడు. భుజాన తువ్వాలు. పత్తి కాయ తొడిమలు గీరుకున్న చేతులు. ఆదోని తండ్రి.

"కడపన్న అంటే నువ్వేనా?"

"నేనే, నాయనా."

స్ప్లింటు వంక చూశాడు. గొంతుకూర్చుని రెండు చేతులా మట్టి తీశాడు. నా చెయ్యి వెల్లకిలా తిప్పించాడు. వేళ్ళు అలా సగం ముడుచుకునే ఉన్నాయి. వెల్లకిలా తిప్పితే అది గిన్నెలాగే ఉంది. అన్ని వారాల్లో ఆ సంగతి నాకు తోచలేదు. ఆయన అందులో మట్టి పోశాడు.

"మావోడు పోన్లో చెప్తాండె. గుడ్డు పట్టుకున్నట్టు కట్టినా నాయనా అని. అట్లే పెట్టు. బిగించొద్దు."

స్ప్లింటు కింద తన అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పాడు. మట్టి జారి పడింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ తిప్పాడు. మూడోసారి కూడా.

తిరుగు ప్రయాణంలో ముంజెయ్యి సలుపుతూనే ఉంది. మరుసటి రోజు కడపలో థెరపిస్టు పట్టీలు విప్పింది. అరచేతి పట్టీ కింద నల్లమట్టి పేరుకుని ఉంది.

"ఇదేందన్నా? మీ దిక్కు ఎర్రనేల గదా?"

చెప్పాను. బ్యూగిల్ సంగతీ చెప్పాను. ఆమె గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి మట్టి తుడిచింది. తుడవొద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"మధ్యవేలు. మెల్లగా. మెల్లగానేనన్నా."

వంగింది.

"ఉంగరంవేలు."

అది ఒక క్షణం ఆలోచించుకుంది. వంగింది.

"ఉండాది. రెండు కుట్లూ ఉండాయి," అంది.

ఊళ్ళో ఏడవలేదు. బస్సులో ఏడవలేదు. ఆ కుర్చీలో ఏడ్చాను. ఆమె బయట కూర్చున్నవాళ్ళను కాసేపు ఆగమని చెప్పి తలుపు దగ్గరికి వేసింది.

ఆరు వారాలు నిండాక పగలు స్ప్లింటు తీశారు. తర్వాత మెత్తటి ముద్ద పిసకడం, బట్టలు పిండడం, బిందె ఎత్తడం. ఎండాకాలంలో బోర్డు ముందు పట్టు చూపించాను. యూనిట్‌కు పంపారు. మళ్ళీ తాడు పట్టుకున్నాను. కొత్త జోడీ ఇచ్చారు, మరాఠీ కుర్రాడు. వాడికి కాళ్ళ తనిఖీ చేసేటప్పుడు నేనేమీ మాట్లాడేవాణ్ణి కాదు.

సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చి కొన్నేళ్ళయింది. చీనీ బత్తాయి తోట చూసుకుంటున్నాను. సంగటి చేత్తోనే తింటున్నాను. ఉంగరంవేలు కొస పూర్తిగా చాపుకోదు, దానివల్ల నష్టమేమీ లేదు. మిలిటరీ గురించి అడిగేవాళ్ళు మంచు గురించి అడుగుతారు, తుపాకి గురించి అడుగుతారు. రెండూ చెబుతాను. ఒకటి చెప్పను.

మూడోసారి మట్టి పడ్డాక ఆదోని తండ్రి చెయ్యి తీయలేదు. నేను పక్కకు జరిగాను, ఆయనా నాతో జరిగాడు. ఊరంతా వరసగా వచ్చి మట్టి వేసి పోయేదాకా, గొయ్యి పూడి నేలకు సమంగా వచ్చేదాకా, నా చెయ్యి కింద ఆయన చెయ్యి అలాగే ఉంది. వేళ్ళు సగం ముడిచి, బిగించకుండా, వదలకుండా.